ఆరో అడుగు దగ్గర

మూడైంది. మరిదిని నాలుగింటికి రమ్మన్నాను. గంట టైముంది, చాలు, గంటలో చచ్చిన టీవీల్నే లేపినదాన్ని, ఈ చెక్కముక్క ఎంత, దీని పొట్ట విప్పి లోపల ఏం చేశాడో బయటికి లాగి పరిచి పెడతాను, తర్వాత చెల్లెల్ని మెల్లగా మెట్లు దింపి ఈ బల్ల ముందుకి తెచ్చి, చూడవే తల్లీ, నీ మొగుడి నిర్వాకం నీ కళ్ళతో నువ్వే చూసుకో అని కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేస్తాను, అప్పుడు అతను నోరు తెరిస్తే చూద్దాం, అసలు నోరు తెరిచే రకమైతే గదా. షట్టరు సగానికి దించాను. పైన చెల్లెలు నిద్రపోతోంది, లేదా నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకుని ఉంది, ఈ మధ్య అదీ నమ్మబుద్ధి కావట్లేదు నాకు, పిలిస్తే పలకదు, పిలవకపోతే మూలుగుతుంది. ఈతకొలనులో పాతికమంది పిల్లల్ని ఒక్క ఈలతో ఆడించే మనిషి, ఇప్పుడు తల దువ్వమని నన్ను పిలుస్తోంది. మెడ కింద ఎముక రెండు ముక్కలైంది. అతుక్కుంటుందంట, కానీ చెయ్యి మునుపటిలా తల మీదికి లేస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేరంట. చెయ్యి లేవని ఈత టీచరు!

బోర్డు బల్ల మీద వెల్లకిలా పడుకుంది, నాలుగు చక్రాలూ గాల్లోకి పెట్టి. చూడ్డానికి పిల్లలు ఆడుకునే చక్రాల చెక్కలానే ఉంటుంది, కాకపోతే దీని కింద బ్యాటరీ, మోటార్లు, అవన్నీ దాచే నల్ల పెట్టె. మనిషి ఎక్కి నిలబడాలి, చేతిలో రిమోటు ఉంటుంది, దాని మీద చిన్న మీట, బొటనవేలితో ముందుకి తోస్తే పరుగు, వెనక్కి లాగితే బ్రేకు. తాడు లేదు, తీగ లేదు, చేతికీ చక్రానికీ మధ్య అంతా గాల్లో మాటే. ఆ మాట అందలేదు ఆవేళ. వంతెన దిగే వాలులో చెల్లెలు మీట వెనక్కి లాగింది, బోర్డు వినలేదు, మళ్ళీ లాగింది, వినలేదు, ఎదురుగా లారీ, ఇక దూకేసింది, భుజం పోయి రోడ్డు అంచుకి తగిలింది. ఇంతే చెప్పింది నాకు, ఇంతకంటే అడిగితే కళ్ళు మూసుకుంటుంది. ఇంతకు ముందెప్పుడైనా ఇలా అయిందా అంటే లేదక్కా అంది. ఆ లేదు అనడంలో ఏదో తేడా కొట్టింది, మొగుణ్ణి వెనకేసుకొస్తోందని నాకు అప్పుడే అర్థమైంది. నా చేతుల్లో పెరిగిన పిల్ల, దాని గొంతు నాకు తెలీదా.

ఊరికే అనుమానించడానికి నాకేం పిచ్చా, సాక్ష్యం ఉంది. నేను మూసిన ప్రతి వస్తువుకీ స్క్రూల నెత్తిన ఎర్ర గోళ్ళరంగు చుక్క పెడతాను. అది నా పద్ధతి. ఎవడో కెలికి పాడుచేసి, నువ్వే పాడుచేశావని నా మీదికొస్తే ఆ చుక్క చూపిస్తాను, పగిలిందా, అయితే మధ్యలో ఇంకో చెయ్యి పడింది, నాకు సంబంధం లేదు, తీసుకెళ్ళు. ఈ బోర్డు నెలన్నర కిందట నా దగ్గరికే వచ్చింది, చార్జింగు ఎక్కట్లేదని, చార్జరు గుచ్చే సాకెట్టు కాలిపోతే కొత్తది వేసి, అన్నీ సర్ది, పది స్క్రూలు బిగించి, పది చుక్కలు పెట్టి పంపాను. ఇప్పుడు చూస్తే పదికి పదీ పగిలి ఉన్నాయి. పైగా స్క్రూల నెత్తిన గాట్లు, సరైన స్క్రూడ్రైవరు లేనివాడు ఏదో బద్దతో తిప్పినట్టు, వెడల్పాటి పలచని బద్ద. అద్దాలు బిగించేవాళ్ళ దగ్గర ఉంటుంది అలాంటిది, కిటికీ చట్రంలోంచి పాత లప్పం గీకడానికి. నా మరిదిగారు ఏం పని చేస్తారు? కిటికీలకి అద్దాలు బిగిస్తారు. ఇంకేం కావాలి.

మొదట్నుంచీ ఆ మనిషి నాకు మింగుడుపడలేదు. తిట్టినా నవ్వడు, పొగిడినా నవ్వడు, పిల్లిలా వస్తాడు, ఎప్పుడొచ్చాడో తెలీదు, వెనక్కి తిరిగితే ఉంటాడు. నోట్లో నాలుక లేని మనిషి అని అందరూ జాలిపడతారు, నాకు మాత్రం నోరు విప్పని మనిషంటేనే భయం, లోపల ఏం ఉడుకుతోందో ఏం తెలుస్తుంది. చెల్లెలికి నది అవతల పెద్ద ఈతకొలనులో ఉద్యోగం వచ్చిందంటే శుభం అనలేదు, చాలా దూరం కదా అన్నాడు. పడిపోవడానికి వారం ముందు నా ముందే అన్నాడు, ఆ బోర్డు ఎక్కొద్దు, పడతావు, అని. పడతావు! జాగ్రత్త అనొచ్చు, హెల్మెట్టు పెట్టుకో అనొచ్చు, పడతావు అని అంత గట్టిగా ఎలా తెలుసు అతనికి? సరే, పడింది. పడినరోజు బోర్డుని దుప్పట్లో చుట్టి తెచ్చాడు, ఆసుపత్రి నుంచి అటే చెల్లెల్ని నా దగ్గరికి తెచ్చేశాను కదా, మెట్ల కింద నిలబడి, వదినా, ఈ బోర్డు నేను ఇంటికి తీసుకెళ్తాను, ఒకసారి చూడాలి, అన్నాడు. పెళ్ళాం పైన మూలుగుతుంటే ఈయనకి బోర్డు కావాలంట! నా దగ్గరే ఉంటుంది అన్నాను. రెండుసార్లు అడిగాడు. చేతులు వణుకుతున్నాయి, నేను చూశాను. ఏ తప్పూ చెయ్యనివాడికి చేతులెందుకు వణుకుతాయి?

"అమ్మా, ఈ ఫ్యాను..." షట్టరు కింద నుంచి తల ఒకటి వంగి చూసింది. షాపు మూసి ఉంది అన్నాను. మీరు లోపలే ఉన్నారుగా అంది ఆ తల. నేనూ మూసే ఉన్నా, రేపు రండి, అన్నాను. పోయింది. ముందు రిమోటు చూద్దాం, తేలిగ్గా చేసే పాపం అక్కడే ఉంటుంది. మూత తీశాను, చిన్న బ్యాటరీ, మీటరు పెట్టి చూస్తే నిండుగా ఉంది, మీట కింద ధూళి లేదు, బటన్లు బాగానే నొక్కుకుంటున్నాయి. ఇందులో ఏం లేదు. లేకపోతే రెండో రిమోటు ఉందేమో! ఒక బోర్డుకి ఇంకో రిమోటుని కూడా జత చెయ్యొచ్చు, ఎక్కడో చాటున నిలబడి ఇటు నుంచి మీట నొక్కుతూంటే అటు ఆమె ఎంత లాగినా... అబ్బ, ఏం బుర్రే నీది అని నన్ను నేనే తిట్టుకున్నాను, ఆ టైముకి అతను పదకొండో అంతస్తులో కిటికీ బిగిస్తున్నాడని అతనితో పనిచేసేవాళ్ళు చెప్పారు, అయినా తోటివాళ్ళు అలాగే చెబుతారు లెండి, వాళ్ళని మాత్రం ఎందుకు నమ్మాలి. పాత జత తుడిచేసి ఈ ఒక్క రిమోటునే మళ్ళీ జతచేశాను. రెండోది ఉంటే ఇప్పుడది ఒట్టి బొమ్మ.

తొమ్మిది రోజులు. మొదటి రోజు సాయంత్రం వచ్చాడు, ఎలా ఉంది వదినా, పైకి వెళ్ళి చూడనా, అని. నిద్రపోతోంది అన్నాను, నిజంగానే నిద్రపోతోంది అప్పుడు. రెండోరోజు మేలుకునే ఉంది, అయినా నిద్రపోతోంది అన్నాను, ఎందుకంటే అప్పటికి పగిలిన చుక్కలు చూశాను. మూడోరోజు తనే అడిగింది, అక్కా, తను వచ్చాడా, అని. రాలేదు అన్నాను. నోరు దానంతటదే అనేసింది, నేను అనుకోలేదు, ఒట్టు. ఒకసారి రాలేదు అన్నాక నాలుగోరోజు వచ్చాడని ఎలా చెప్పను, అలా ఆ మాటకి కాపలా కాస్తూ తొమ్మిది రోజులొచ్చాయి. రాలేదు అన్నప్పుడల్లా దాని మొహం కాస్త కాస్త గట్టిపడింది, అడగడం మానేసింది, అదీ మంచిదే అనుకున్నాను, ఎలాగూ దాని మనసు విరగాల్సిందే అయితే మెల్లగా విరగడమే నయం. దాని ఫోను పడినప్పుడే పగిలింది. అక్కడ సొరుగులో ఉంది. అరగంట పని. పనెక్కువగా ఉందమ్మా, చేస్తాలే, అని రోజూ చెబుతున్నాను. నేను చేసేది దాని మంచికే. ఇవాళ్టితో ఎలాగూ తేలిపోతుంది, తేలాక ఈ చిన్న చిన్న అబద్ధాలు ఎవరడుగుతారు.

పది స్క్రూలూ తీసి పెట్టె మూత ఎత్తాను. ఎత్తగానే, దొరికావురా అబ్బాయ్! రిమోటు మాట వినే చిన్న పలక ఒకటుంటుంది లోపల, రిసీవరు, అగ్గిపెట్టెలో సగం ఉంటుంది, దాని ప్లగ్గు మీద తెల్లటి ముద్ద. అద్దాల అంచుల వెంట పూసే జిగురు. నేను వాడనే వాడను అది, ఈ షాపులో లేనే లేదు. ఫోను తీసి ఫోటో కొట్టాను, దగ్గరగా ఒకటి, దూరంగా ఒకటి. తర్వాత పట్టకారుతో ముద్దని కొంచెం కొంచెంగా ఒలిచాను, కింద తీగ ఎక్కడ కోశాడో చూద్దామని. కొయ్యలేదు. ప్లగ్గు గట్టిగా కూర్చుని ఉంది, లాగినా రాదు, నేను పెట్టినప్పటికంటే గట్టిగా ఉంది. కుదుపులకి వదులవకుండా చుట్టూ ఒద్దికగా రాసిన జిగురు అది, వేలితో అంచు కూడా నున్నగా తీశాడు, అద్దానికి తీసినట్టే. చంపాలనుకునేవాడు ప్లగ్గు ఊడకుండా జిగురెందుకు పెడతాడు? కాసేపు ఆ ముద్దని వేళ్ళ మధ్య నలుపుతూ కూర్చున్నాను. నాకు కోపం వచ్చింది, దేని మీదో తెలీదు, దొరికింది అనుకున్నది చేతిలోంచి జారితే వచ్చే కోపం. సరే, జిగురు నాటకం అయ్యుండొచ్చు. తను బాగుచేయబోయాడని అందరూ అనుకోవాలని పెట్టి ఉండొచ్చు. టెస్టు చేస్తే తెలిసిపోతుంది, మనుషులు అబద్ధం చెబుతారు గానీ మోటారు చెప్పదు.

మూత తిరిగి పెట్టి, స్విచ్చు వేసి, మీట కొంచెం ముందుకి తోశాను. చక్రాలు గాల్లో తిరిగాయి, సన్నగా జుయ్యిమంటూ. బల్ల దగ్గర బాగానే ఉంది. మీట అలాగే పట్టుకుని బోర్డుకి వీపు పెట్టి నడిచాను, ఒకటి, రెండు, మూడు, మనిషి ఒళ్ళు అడ్డం ఉంటే సిగ్నలు తగ్గుతుంది, అందుకే వీపు పెట్టాను, నాలుగు, అయిదు, ఆరు. చక్రం ఆగింది. మళ్ళీ తిరిగింది, మళ్ళీ ఆగింది, ఎక్కిళ్ళు పెట్టినట్టు. వెనక్కొచ్చి మళ్ళీ నడిచాను. ఆరో అడుగు. షాపు లైట్లన్నీ ఆర్పి, వైఫై డబ్బా పీకి, పక్కింటివాళ్ళ వైఫైని కూడా నాలుగు తిట్టి మళ్ళీ నడిచాను. ఆరో అడుగు. ఇలాంటి రిమోటు రోడ్డు ఆ చివర నుంచి పలకాలి. ఆరో అడుగుకే మాట తెగిపోతోందంటే, కాళ్ళ కింద ఉన్న బోర్డుకి కూడా ఎప్పుడో ఒకప్పుడు, ఏ వాలులోనో, అందకపోవచ్చు... అయితే తప్పు లోపలే ఉంది, జిగురులో కాదు. రిసీవరుకి ఒక యాంటెన్నా ఉంటుంది, వేలంత పొడుగు సన్న తీగ, దాని పని వినడమే, దాన్ని వదులుగా, ఇనుముకీ బ్యాటరీకీ దూరంగా, పెట్టె అంచుకి వదిలేయాలి, ఇది కొత్తగా నేర్చుకునే పిల్లలకి మొదటిరోజు చెప్పే పాఠం. మూత మళ్ళీ ఎత్తి చూశాను, ఆ తీగ ఏదీ? కనబడలేదు. కత్తిరించేశాడు, అనుకున్నాను. చూశావా, మొదట్నుంచీ నేనన్నదే.

కత్తిరించలేదు. మోటార్లకి పోయే లావు తీగల గుత్తి ఉంది ఒకటి, దాని పక్కన అల్యూమినియం రేకు, వేడి బ్యాటరీకి తగలకుండా. ఆ గుత్తిలో, లావు తీగల మధ్య, సన్నగా, బుద్ధిగా, రేకు కిందికి దూరిపోయి కూర్చుంది యాంటెన్నా. మూడు చోట్ల, తీగలు కట్టే ప్లాస్టిక్ టైలతో బిగించి ఉంది. టై తోకలు మొదలంటా కోసి, కోసిన చోట చేతికి గీసుకోకుండా వేడి ఇనుముతో ఒక్క తాకు తాకించి ఉంది. అలా ఎవరు చేస్తారు? ఈ వీధిలో, ఈ ఊళ్ళో, నాకు తెలిసి ఒక్కరే చేస్తారు. నాకు పని నేర్పిన మాస్టారు రేడియో మూత తీసి తీగలు చిందరవందరగా కనిపిస్తే మొట్టికాయ వేసేవాడు, తీగలంటే జడ అల్లినట్టు ఉండాలి, ఒక్క వెంట్రుక బయటికి రాకూడదు, అని. నాకది కష్టమనిపించలేదు, ఇంట్లో రోజూ చేసే పనే, అమ్మ పనికి పోతే చెల్లెలి జడ నేనే వేసేదాన్ని, గట్టిగా, కళ్ళు పైకి లాక్కుపోయేంత గట్టిగా, నొప్పక్కా అని ఏడిస్తే, కదలకు, ఊడితే స్కూల్లో నవ్వుతారు అనేదాన్ని. సాకెట్టు మార్చినరోజు కూడా అంతే అయి ఉంటుంది. అన్నీ సర్దాక ఒక్క తీగ మాత్రం దిక్కూమొక్కూ లేకుండా పక్కకి వేలాడుతోంది, చూడ్డానికి అసహ్యంగా. అది వేలాడాల్సిన తీగే అని నాకు తెలుసు. నాకు తెలుసు! కానీ చేతికి తెలీలేదు, చెయ్యి దాన్ని కూడా తీసి గుత్తిలో కలిపి కట్టేసింది. తర్వాత పది చుక్కలు పెట్టాను.

కట్టరు తీసుకుని మూడు టైలూ కోశాను. తీగని బయటికి లాగి పెట్టె అంచున టేపుతో అంటించాను. చక్రం తిప్పుతూ వీపు పెట్టి నడిచాను, ఆరు, ఏడు, పది, షట్టరు కింద నుంచి వంగి వీధిలోకి, రోడ్డు దాటి, ఎదుటి స్తంభం దాకా. అక్కడ నిలబడి మీట వదిలాను, నొక్కాను, వదిలాను. లోపల జుయ్యి, ఆగడం, జుయ్యి. స్పష్టంగా వింటోంది. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుంటారు, రోడ్డు పక్కన స్తంభం పట్టుకుని నలభై ఏళ్ళ ఆడది ఏడుస్తోంది. నా చెల్లెలి ఎముక నేనే విరిచాను. లోపలికొచ్చేసరికి ఇంకో పన్నెండు నిమిషాలుంది. బల్ల మీద కోసిన టై ముక్కలు మూడు. చెత్తబుట్టలో పడేస్తే అయిపోయింది, ఇంకెవరికి తెలుస్తుంది, ఫోనులో జిగురు ఫోటోలున్నాయి, పగిలిన చుక్కలున్నాయి. ఇన్నాళ్ళూ దేనికి అనుమానించానో అదంతా ఇప్పటికీ అలాగే ఉంది, ఒక్క నిజం తప్ప. ముక్కలు గుప్పిట్లోకి తీసుకున్నాను. బుట్ట కాలికి తగులుతోంది. వెయ్యలేదు, బయటికీ పెట్టలేదు, గుప్పిట అలాగే బిగించి కూర్చున్నాను.

"వదినా." వచ్చేశాడు, పిల్లిలాగే, షట్టరు దగ్గర నిలబడి ఉన్నాడు. బోర్డుని చూశాడు, తీసిన జిగురుని చూశాడు, నేను అడగకముందే మాట్లాడాడు, ఆ మనిషి అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "ఆ పెట్టె విప్పింది నేనే వదినా. నెల నుంచీ మధ్యమధ్యలో ఆగి ఆగి పోతోంది అది. మీకు చూపిద్దామంటే తను వద్దంది. అక్క పనికి వంక పెట్టినట్టవుతుంది, అక్క తట్టుకోలేదు, మనమే చూసుకుందాం అంది. నాకేం తెలుసు, ప్లగ్గు వదులైందేమో అని జిగురు పెట్టి మూసేశాను. ఎక్కొద్దన్నాను, వినలేదు. నేనేదో పాడుచేసి ఉంటాను. రోజూ చెబుదామనే వస్తున్నాను, నోరు రావట్లేదు. తనకి మీరే చెప్పండి, నా వల్లే అని." నాకు కావాల్సిందంతా తెచ్చి నా చేతిలో పెట్టేశాడు, ఇక నేను ఊరుకుంటే చాలు, ఏం చెయ్యక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు. అక్క తట్టుకోలేదంట. నాకు చెప్పడానికి భయపడి, ఆగిపోతున్న బోర్డెక్కి నెల రోజులు తిరిగింది నా చెల్లెలు.

"ఏం తేలింది అక్కా?" మెట్ల మీద ఉంది చెల్లెలు, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని. గుప్పిట తెరిచాను. "నేనే," అన్నాను. "ఇతను కాదు. ఇతను పెట్టిన జిగురు బాగానే ఉంది. సిగ్నలు పట్టే తీగని నేను మోటారు తీగలతో కలిపి కట్టేశాను, రేకు కింద. నెలన్నర కిందటే. అందుకే బ్రేకు పడలేదు. నీ ఎముక విరగ్గొట్టింది నేనేనే." అది ఒక్కో మెట్టూ దిగి దగ్గరికొచ్చింది, టై ముక్కల్ని చూసింది, నా మొహం చూసింది. ఏమంటుందో అని నేను చూస్తుంటే, "పోనీలే అక్కా, కావాలని చేశావా ఏంటి," అంది. నా కన్నీళ్ళు తుడవబోయింది కూడా, మంచి చేత్తో. తర్వాత అతని వైపు తిరిగింది, మొహం మూసుకుపోయింది. "నీకు ఇప్పుడు తెలిసిందా దారి? తొమ్మిది రోజులు పట్టిందా?"

అతను అర్థంకాక దాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. అతని మొహం నేను అంతవరకూ నేరుగా చూడలేదేమో, నా మొహంలో అంతా చదివేసుకున్నాడు ఆ ఒక్క క్షణంలో, నేను చూస్తుండగానే. "పని ఎక్కువైంది," అన్నాడు దాంతో. "రావాల్సింది. తప్పు నాదే." అని తల దించుకున్నాడు, ఇంకేం అనడు, నాకు తెలుసు, ఎన్నేళ్ళు గడిచినా ఆ నోట్లోంచి ఈ మాట బయటికి రాదు, చెల్లెలు జన్మలో ఈ సంగతి తెలుసుకోలేదు.

"అబద్ధం," అన్నాను. "రోజూ వచ్చాడు. ఒక్కరోజు కూడా మానలేదు. నువ్వు నిద్రపోతున్నావని నేనే పంపేశాను. రాలేదని నీతో చెప్పిందీ నేనే." చెల్లెలు నా పక్క నుంచి రెండడుగులు వెనక్కి తగ్గింది. పోనీలే అనలేదు ఈసారి. "ఎక్కడ నిలబడేవాడు?" అంది, నన్నే అడిగింది, అతన్ని కాదు.

"అక్కడే, ఆ షట్టరు దగ్గర," అన్నాను. "గంటసేపు. కూర్చోమని కూడా అనలేదే నేను."